పద్నాలుగో గడి

మారతహళ్ళి వంతెన పక్కన ఆరో అంతస్తులో
రాత్రి తొమ్మిదికి నాకు తెల్లారుతుంది.
తెర మీద
నేనెన్నడూ చూడని అమెరికా ఊళ్ళ ఓటర్లు,
వరసకు ఇరవై రెండు గడుల్లో.

పేరు, వయసు, పిన్‌కోడు,
ఇల్లు సొంతమా అద్దెదా, కార్లెన్ని,
కుక్క ఉందా, తుపాకి ఉందా.
పద్నాలుగో గడిలో రంగు.
ఆఖరి గడి పార్టీ.
దాన్ని యంత్రం ఊహిస్తుంది.
ఫోన్లో వాళ్ళన్న మాటలు విని
ఊహ సరిపోయిందో లేదో అంకె వెయ్యడం నా పని.

చాలాసార్లు సరిపోతుంది.
అదే దిగులు.

చెరువుకెదురుగా మూడంతస్తుల ఇల్లున్న పెద్దాయన
"నాకు రాజకీయాలు పడవమ్మా,
పన్నులు తగ్గిస్తే చాలు" అంటాడు.
గ్లాసులో ఐసుముక్కలు ఔనౌనంటాయి.

గని మూతపడ్డ ఊళ్ళో ఇంకొకాయన.
దగ్గుకీ దగ్గుకీ మధ్య మాట.
మందులకు అప్పు, ఇంటి మీద అప్పు.
ఆయన ఓటూ పెద్దాయన వైపే.
ఇద్దరికీ కలిసే గడి ఏదా అని
తెర మీద వేలు పెట్టి వెతికాను.
పద్నాలుగోది.
వాళ్ళ నాన్న అమ్ముకోలేక వదిలిపోయిన ఆస్తి
అదొక్కటే కాబోలు.
తాకట్టుకు పనికిరాదు.
రాత్రిళ్ళు తడిమి చూసుకోవడానికి పనికొస్తుంది.

బస్సు నడిపే నల్లామె గొంతూ విన్నాను.
వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు.
"నాలుగేళ్ళకోసారి మా గుమ్మం గుర్తొస్తుంది మీకు.
ఎటూ మీకే వేస్తానని తెలుసు,
అందుకే గుమ్మం దాటి లోపలికి రారు."
తర్వాత పదకొండు సెకన్లు
నీళ్ళు మాత్రమే మాట్లాడాయి.
దీనికేం అంకె వెయ్యను?
"ఒకటి వేసెయ్" అన్నాడు టీమ్ లీడర్ పొన్నప్ప,
"మద్దతుదారు."
వేశాను.

ఐదింటికి క్యాబ్ నన్ను వర్తూరులో దింపుతుంది.
ఇక్కడ గది కోసం తొమ్మిది ఇళ్ళు ఎక్కి దిగాను.
ఎనిమిది చోట్ల ముందు తిండి అడిగారు,
తర్వాత ఊరు, తర్వాత ఇంటిపేరు,
ఆఖర్న మెల్లిగా, మజ్జిగిచ్చి మరీ,
"మీరేమిట్లు?"
మనవాళ్ళకు తెర అక్కర్లేదు,
నాలుక మీదే గడులు.
తొమ్మిదో ఇంట్లో అబద్ధం చెప్పాను.
ఆ అబద్ధంలోనే అద్దెకుంటున్నాను.

ఎదుటి అపార్ట్‌మెంట్లకు రెండు గేట్లు.
చిన్న గేటు దగ్గర ఓబులమ్మ, టిఫిన్ డబ్బాతో.
కళ్యాణదుర్గం పక్క మనిషి.
కట్టేటప్పుడు ఇటుకలెత్తుకుని
పన్నెండో అంతస్తు దాకా పోయిందట.
ఇప్పుడు ఊడ్చేవాళ్ళ లిఫ్ట్ వేరే,
అది వారంగా పని చెయ్యడంలేదు.
పెద్ద గేటుకు పూలరంగుల నోటీసు:
ఓటెయ్యని వాడికి అడిగే హక్కు లేదు.

"నీ ఓటెక్కడ ఓబులమ్మా?"
"మా ఊర్లోనే. బస్సు పంపిస్తారులే.
రెండు బస్సులొస్తాయి, మా వీధిలో ఒకటే ఆగుతాది.
ఎక్కితే కూలి పాయె.
ఎక్కకుంటే మా తమ్మునికి ఇల్లు రాదు."
"అయితే బస్సు పంపినోళ్ళకేనా?"
కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.
"బస్సు వాళ్ళది. వేలు నాది గదమ్మా."
ఎన్ని సెకన్లు నవ్విందో లెక్కపెట్టాను.
అలవాటు.

ఆ రాత్రి నల్లామె వరస మళ్ళీ తెరిచి
ఒకటిని చెరిపేశాను.
చెయ్యి ఆగక పద్నాలుగో గడిని కూడా.
టీ తాగి వచ్చేసరికి
యంత్రమే రెండూ నింపుకుంది,
నూటికి తొంభైనాలుగు పాళ్ళ నమ్మకంతో.

నా పేరు కొట్టి చూద్దామనిపించింది.
పేరు, వయసు, వర్తూరు పిన్‌కోడు,
ఇల్లు అద్దెది, కుక్క లేదు.
అక్కడిదాకా కొట్టి ఆపేశాను.
మా ఇంటివాళ్ళకు తెలిసిపోతుందేమోనని.