చేతికి అందేంత తీగ

కబూల్చర్ ఏరోడ్రోమ్, పదకొండో హ్యాంగరు.
రేకుల కప్పు మీద మాగ్‌పై పిట్టలు గోళ్లతో గీరుతుంటే
కింద మేమిద్దరం
ఒక చిన్న పెట్టె గురించి
మూడో శనివారం కూడా వాదించుకుంటున్నాం.

ఇంజను వేడిని చెప్పే పెట్టె.
లోపలి సర్క్యూటు నాది.
విమానం మెర్విన్‌ది.
పదహారేళ్లుగా కడుతున్నాడు,
ఏ రివెట్టు ఏ వేసవిలో కొట్టాడో చెప్పగలడు.
నిన్న ఏం తిన్నాడంటే మాత్రం
కాసేపు గోడకేసి చూస్తాడు.

మొదట నేను తెచ్చింది బిస్కెట్ల డబ్బా.
మెర్విన్ చెవి దగ్గర ఆడించి
గిలక్కాయ బాగుందన్నాడు.
రెండోది ప్లాస్టిక్‌ది,
రాత్రంతా ప్రింటర్లో పొరమీద పొర పోసింది.
దాన్ని జనవరి ఎండలో
కాక్‌పిట్ అద్దం కింద పెట్టి ఊరుకున్నాడు.
మధ్యాహ్నానికి అదే చెప్పింది,
నడుం వంచి.
మూడోది పోత అల్యూమినియం.
తూకం వేసి, "చిన్న మామిడిపండంత.
ఒక మామిడిపండు మొయ్యగలంలే" అన్నాడు.

ఇక కనెక్టరు.
చవకవి టక్కున పడతాయి,
టక్కున ఊడతాయి.
సైన్యం వాడే గుండ్రటివి ఉన్నాయి,
ఒక్కోటి నా రెండు వారాల కూరగాయలు.
నేను డి ఆకారంది పట్టుకున్నాను.
తొమ్మిది సూదులు, బంగారు పూత,
చిలకలపూడి సరుకులా
పలచగా ఉన్నా పరువు పోనివ్వదు.
రెండు పక్కలా మరలు.
కమ్మకి మర బిగించినట్టు
వేలికొసతో తిప్పి, ఒక్కసారి లాగి చూసుకోవాలి.
"చెవి తెగాలి గానీ కమ్మ ఊడదు" అన్నాను
తెలుగులోనే.
ఆయన తలూపాడు. ఏం అర్థమైందో మరి.

తీగలు సోల్డరు చేస్తానన్నాను.
ఆసుపత్రిలో పదేళ్లు
ఊపిరి యంత్రాలు బాగుచేసిన చెయ్యి నాది.
వద్దనలేదు.
గోడ మేకుకి వేలాడే తీగముక్క తెచ్చి
నా అరచేతిలో పెట్టాడు.
అతుకు చెక్కుచెదరలేదు. ఇంకా మెరుస్తోంది.
అతుకు ఎక్కడ ఆగిందో
సరిగ్గా అక్కడ తెగింది తీగ,
బిగువుకీ మెత్తదనానికీ మధ్య గట్టు మీద.
"గ్లాస్‌హౌస్ కొండల పైన," అన్నాడు,
"రేడియో మూగబోయింది."
ఆ తర్వాతది చెప్పలేదు.
నేను అడగలేదు.
సోమవారం నొక్కు పటకారు కొన్నాను.

పెట్టెకి రెండు సాకెట్లు.
రెండూ ఒకే రకం తెచ్చాను, తక్కువకొచ్చాయని.
ఒకటి వెనక్కి తోశాడు.
"ఒకటి మగది, ఒకటి ఆడది పెట్టు.
తప్పుగా దూర్చాలన్నా దూరకూడదు."
రంగు టేపు చుడతాను, పేర్లు రాస్తానన్నాను.
"రాసింది చదివే రోజు కోసం కాదమ్మాయ్,"
అని ఆగాడు.
మాట వెతుక్కున్నాడు. దొరకలేదు.
మాగ్‌పైలు గీరుతూనే ఉన్నాయి.
నేను వెళ్లి మగది తెచ్చాను.

బిగించే రోజు
పెడల్స్ దగ్గర తల, సీటు మీద కాళ్లు,
నోట్లో టార్చి పెట్టుకుని
పానెల్ కిందికి వెల్లకిలా దూరాను.
రేడియో వెనక ప్లగ్గు ముందు విప్పాలి.
కనపడదు. వేళ్లు మాత్రమే వెళ్లే చోటు.
లాగితే రాదనుకుని లాగాను.
వచ్చింది.
మెత్తగా, చుట్ట విప్పుకుంటూ,
నా మొహం ముందుకి.

ఎవరో జానెడు తీగ ఎక్కువ వదిలారు.
మైనపు దారంతో కట్టిన చుట్ట మీద
చిన్న కాగితం, పెన్సిలుతో తేదీ.
నేనీ దేశానికి రాకముందుది.

నా జానతో కొలిచాను.
నా జాన కాదు.
రెండు వేళ్లు పెద్దది.

"దొరికిందా?" బయట నుంచి మెర్విన్.
నోట్లో టార్చి ఉంది.
ఊ, అన్నాను.

నా తీగలు అప్పటికే పొట్టిగా కోసేసి ఉన్నాను.
బయటికొచ్చి
మళ్లీ కొలిచాను.