చుక్కల గీత

ఎర్రగుంట్ల దాటినాక, పవర్‌హౌసు వెనక
బూడిద చెరువు దారిలో రేకుల షెడ్డు.
లోపల పదహారు కొలుములు.
ఒక్కోదాంట్లో చిటికెనవేలంత ఉక్కు కడ్డీ
దాని కింద ఇనప బిళ్లల బరువు.
నా పని డయలు చూసి రాసుకోవడం,
ముల్లు కదిలిందా, లేదా.

బరువెక్కువ పెడితే కడ్డీ సాగుతాది
నడుం సన్నబడతాది
ఇంగ నా వల్లగాదప్పా అని చెప్పి మరీ తెగుతాది.
అట్ల తెగినవి పదైదు.
గళ్ల కాయితం మీద వాటికి పదైదు చుక్కలు పెట్టి
కుళ్లాయప్ప సారు స్కేలు ఆనించి గీత గీసినాడు.

చుక్కలు అయిపోయినా గీత ఆగలా.
ముక్కలు ముక్కలుగా ముందుకు పోయి
లక్ష గంటల కాడ నిలబడింది.
లక్ష గంటలంటే పదకొండేండ్ల అయిదు నెల్లు.
"అప్పటికి మా పాప పది పాసై ఉంటాది"
కసువు చిమ్ముతా అనింది మాబున్ని.

పద్నాలుగో కొలిమిలో ఉండేది
అన్నిటికన్నా తేలిక బరువు.
బూజు దులిపేటప్పుడు తప్ప
దాని పక్క ఎవురూ చూడలా.
రెండు ఎండకాలాలు
ముల్లు కదల్లేదనే రాస్తి.

పదమూడు వేల రెండొందల ఆరో గంట,
తెల్లారుజామున
టక్‌మనింది.
మాబున్ని తన గాజులు చూసుకునింది.

తీసి చూస్తే నడుం సన్నబడలా.
సాగింది నూటికి ఒక పాలు గూడా లేదు.
రెండు ముక్కలూ ఆనిస్తే
అతుకు కనపడకుండా కూర్చున్యాయి.

మైక్రోస్కోపు కింద మాత్రం
రేణువుకూ రేణువుకూ నడుమ సన్న సన్న బొక్కలు,
వాన తప్పిన ఏడు పైకి నిండుగా అగుపడే
శనక్కాయ లొట్ట మాదిరి.
ఏ నెల్లో మొదలయినాయో
నా రిజిస్టర్లో లేదు.

సారు రబ్బరుతో చుక్కల గీత తుడిచినాడు.
పదహారో చుక్క కాడ
గీతకు మోకాలు వంగింది.
మళ్లా గీస్తే నలభై వేల కాడ నేలకు ఒరిగింది.

మాబున్ని వేళ్ల మీద లెక్కేసుకోని
"మూడో తరగతి" అనింది
ఎవురితోనూ గాదు.

మూడో యూనిట్లో అదే ఉక్కు పైపు
ముప్పైయెనిమిది వేల గంటలుగా ఆవిరి మోస్తాంది.
సారు ఫోను తీసుకోని బయటికి పోయినాడు.
అవతల ఎవురో నిద్రలో ఉన్నట్టుంది,
"మెల్లగా చెప్పలేను సార్" అంటాన్నాడు.

నేను పద్నాలుగో కొలిమిలో
కొత్త కడ్డీ బిగిస్తి,
ఈ తూరి ఇంగా తేలిక బరువుతో.
డయలు సున్నాకు తిప్పి, రిజిస్టరు తెరిచి
మొదటి గడిలో ఏం రాయాల్నో తెలీక
పెన్ను మూత నోట్లో పెట్టుకోని
ముల్లు పక్కే చూస్తా నిలబడినా.