తూత్ పిండి

బార్తాంగ్ లోయలో జూలై.
చెట్టుకింద నాలుగు దుప్పట్లు పరిచి
"ఊపరా" అంటుంది సవ్సన్.
కొమ్మమీంచి మనవడు షోదీ ఒక్క కుదుపు:
తెల్ల మల్బరీలు, చీమలు, ఎండుపుల్లలు,
వాడి ఎడమకాలి చెప్పు.

సగం పండ్లు వాడి పొట్టలోకే.
మిగిలినవి మట్టిమిద్దె మీద
పాతబెల్లంలా గట్టిపడ్డాక
అక్రోటు పప్పు కలిపి దంచుతుంది.
జిగురు రోకలిని వదలదు.
తిట్టుకుంటూ గీకి, మళ్లీ దంచుతుంది.

గోధుమల లారీ రాని ఆ యుద్ధపు చలికాలం
గుప్పెడు ఈ పిండి, గుక్కెడు మంచునీళ్లు.
ఐదు నెలలు.
అప్పటినుంచీ తీపంటే ఆమెకు వెగటు.

అయినా ఏటా సంచి నిండాల్సిందే.
వేళ్లకంటింది షోదీ నాకేస్తాడు.
తను పక్కకు జరిగి
పాలటీలో
ఇంకాస్త ఉప్పు వేసుకుంటుంది.