మంగళవారం వస్తాను

జూన్ నెల. లాన్సెస్టన్‌లో గడ్డు చలికాలం.
నది మీది మంచు ఇన్వర్‌మే వీధుల్లోకి వచ్చి
కట్టెపొగతో కలిసిపోయింది.
ఆ ఇల్లు చూడటానికి మేం వెళ్లింది ఆదివారం.

అమ్మ కొలత టేపు తెచ్చింది.
తలుపు వెడల్పు కొలిచింది, స్నానాలగది మలుపు కొలిచింది.
నా చక్రాల కుర్చీ తిరిగాక కూడా
నాలుగు వేళ్ల జాగా మిగిలిందని
నాలుగెకరాలు గెలిచినట్టు నవ్వింది.

ప్రూడెన్స్ ఇల్లంతా తిప్పి చూపించింది.
అప్పుడే ఓవెన్లోంచి తీసిన స్కోన్లు,
దుకాణం చీటీ ఇంకా ఊడని కుండీలో పూలు.
"ఇక్కడ అందరం ఒకే కుటుంబంలా ఉంటాం" అంది.
నాకు కుటుంబం ఉంది ప్రూడెన్స్.
నేను వెతుకుతున్నది ఇల్లు.
ఈ మాట నా నోరు దాటేసరికి
ఆమె వంటగది దాటిపోయింది.
నా మాటది నెమ్మది నడక.

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్లి చేసి చూడమన్నారు,
ముక్కూ మొహం తెలియని ముగ్గురితో
ఒక్క ఫ్రిజ్ పంచుకుని చూడమని
ఎవరూ అనలేదు.

ఫ్రిజ్ తెరిచాను. అంటే, తెరవమన్నాను.
పాలసీసా మీద పెద్ద అక్షరాలు:
ట్రూడీది. ముట్టుకుంటే ఊరుకోను.
ప్రాణం లేచొచ్చింది నాకు.
నాది అనగలిగిన మనిషి ఒకరు
ఈ ఇంట్లో ఉన్నారన్నమాట.

దాని తలుపు మీదే ఇంకో కాగితం.
ఎవరి స్నానం ఎన్నింటికో, ఎవరి మాత్రలు ఎన్నింటికో,
కింద ఎర్ర గీత గీసి:
రాత్రి తొమ్మిదికి అందరూ పడక.
అందరూ?
వారిక్‌కి యాభై రెండేళ్లు.
నేనైతే ఎక్కడో ఇంగ్లండ్ ఎండలో ఆడే క్రికెట్‌ని
ఒంటిగంట దాకా రేడియోలో వింటాను,
దుప్పటి కింద, వికెట్ పడితే ఒక్కదాన్నే అరుస్తాను.
ఆ అరుపుకి ఏ గడిలో చోటిస్తారు?

తిరిగి వచ్చేస్తుంటే
హాల్లో ఒకాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. క్లైవ్ అట.
అమ్మని చూడలేదు, ప్రూడెన్స్‌ని చూడలేదు.
"నువ్వు గురక పెడతావా?" అన్నాడు.
ఆ పూటంతా నన్ను నన్నుగా అడిగిన
ఒకే ఒక్క ప్రశ్న.
అమ్మ నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తాడు.
నా పెదాలు వంకర్లు తిరిగి, గొంతు పట్టుకుని, వదిలి,
"పెడతాను" అనేదాకా
కదలకుండా నిలబడ్డాడు.
"అయితే నీకు ఆ చివరి గది" అన్నాడు,
ఇల్లు తన పేర ఉన్నట్టు.

రాత్రి మా ఇంట్లో
అమ్మ నన్ను మంచం మీదికి ఎత్తింది.
హాయిస్ట్ రెండేళ్లుగా గరాజ్‌లో ఉంది,
దాన్ని క్రేను అంటుంది, నేను సరుకుని కాదంటుంది.
ఆమె కుడి భుజం టక్కుమంది.
ఇద్దరం విననట్టే ఉన్నాం.
వినబడిందని ఇద్దరికీ తెలుసు.

"తలుపులైతే సరిపోతాయి" అంది అమ్మ, దీపం తీసేస్తూ.
వెళ్లమందో వద్దందో
నాకిప్పటికీ తెలియదు.
టేపు నా దుప్పటి మీదే మరిచిపోయి వెళ్లింది.

ఒక్కో అక్షరం వెతికి నొక్కుతూ
ప్రూడెన్స్‌కి రాశాను, నలభై నిమిషాలు పట్టింది:

మంగళవారం వస్తాను. ఒక రాత్రి ఉంటాను.
స్కోన్లు చేయకండి.
ఆ రోజు ఏది మాడితే అదే పెట్టండి.
ట్రూడీకి కోపమొస్తే రానివ్వండి.
రాత్రి రెండింటికి గంట నొక్కుతాను,
ఊరికే, పక్కకి తిప్పమని.
ఎవరొస్తారో, ఎంతసేపటికొస్తారో,
ఏ మొహంతో వస్తారో చూడాలి.
తొమ్మిదికి పడుకోను.

నచ్చితే నచ్చిందని చెబుతాను.
నచ్చకపోతే అదీ నేనే చెబుతాను.
కాస్త ఆలస్యమవుతుంది.
క్లైవ్‌లా నిలబడండి.