మూడో బాకా

ఓరూరోలో గాలే పలచన.
కింది ఊళ్ల వాళ్లు బస్సు దిగి, నాలుగడుగులు వేసి
గోడ పట్టుకుని నిలబడిపోతారు.
ఇక్కడే పుట్టినదాన్ని, నాకా సంగతి తెలియదు
బాకా నోట పెట్టుకునేదాకా.

కసియానో అయవీరి ఇల్లు రైలు పట్టాల పక్కన.
ముప్పై ఏళ్లు తగరం గనిలో దిగినవాడు
ఇప్పుడు బాకాలకు సొట్టలు తీస్తాడు.
మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం తడుముకుంటాడు,
చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు.
ఈయనా నాకు ఊదడం నేర్పేది, అనుకున్నాను.
పదిహేనేళ్ల పొగరు.

మొదటి నెలంతా మంద్రస్థాయే.
ఒకే స్వరం పట్టుకుని కూర్చోమనేవాడు
కెటిల్ మరిగి, మూత ఎగిరి, మళ్లీ చల్లారేదాకా.
పై స్వరాల జోలికి పోవద్దన్నాడు.
పోయాను.
పెరట్లో, రేకుల కొట్టం వెనక,
మంచుముక్కలా ఉన్న మౌత్‌పీస్‌ని
చంకలో పెట్టి వెచ్చబరిచి,
పెదాలకేసి అదిమాను, ఇంకా అదిమాను.
వచ్చింది స్వరం కాదు, పీక నొక్కిన కోడి అరుపు.
పక్కింటి సాతుర్నీనా గోడ మీంచి తొంగిచూసి
"ఏం చంపుతున్నావే అక్కడ?" అంది.
పై పెదవి చిట్లింది.
ఉప్పూ ఇత్తడీ కలిసిన రుచి.

మర్నాడు నా మూతి మీది గుండ్రటి ఎర్ర ముద్ర చూశాడు కసియానో.
తిట్టలేదు.
దూలం మేకుకి పురికొస కట్టి
నా బాకాని వేలాడదీశాడు.
"చేతులు వెనక్కి కట్టుకో. ఇప్పుడు ఊదు."
మూతి ముందుకు చాస్తే అది వెనక్కి ఊగింది,
ముద్దు వద్దని మొహం తిప్పుకున్నట్టు.
"చూశావా. నెట్టేకొద్దీ పోతుంది."

తర్వాత నాలుక గురించి చెప్పాడు.
ఆ అంటే పడుకుంటుంది, ఈ అంటే లేస్తుంది.
దారి ఇరుకైతే గాలే పరిగెడుతుంది,
నువ్వు పరిగెత్తక్కర్లేదు.
చెప్పి, తన బాకా తీసి,
నిద్రలో పిల్లి పీల్చేంత గాలి పీల్చి
తారస్థాయి 'దో' ఊదాడు.
చిన్నగా. కిటికీ అద్దం కూడా కదల్లేదు.
ఆ పైన పావుగంట దగ్గాడు.
నేను పురికొస చివరని చూస్తూ కూర్చున్నాను.

మే పోయింది. జూన్‌లో నీళ్లు కుళాయిలోనే గడ్డకట్టాయి.
ఇల్లు ఊడుస్తూ ఈ.
బంగాళాదుంపల తొక్కు తీస్తూ ఈ.
పన్ను నొప్పేమో అనుకుని
అమ్మ లవంగం తెచ్చి చేతిలో పెట్టింది.

ఒక మంగళవారం సాయంత్రం
బాకాలో చేరిన తడి వంపేసి,
సగం ఆవులిస్తూ, ఏమీ అనుకోకుండా ఊదితే
వచ్చేసింది.
రేకు మీద ఒక్క వడగల్లు పడ్డట్టు.
ఇంకెవరో ఊదారనుకుని వెనక్కి తిరిగి చూశాను.
కోడిపెట్ట తప్ప ఎవరూ లేరు.
మళ్లీ పదకొండు రోజులు రాలేదు.
అప్పుడొచ్చినప్పుడు మాత్రం
మనిషి ఇంటికొచ్చినట్టు వచ్చింది.

ఫిబ్రవరిలో కార్నివాల్.
కొత్తదానివి కదా అని బృందంలో నాకు మూడో బాకా ఇచ్చారు.
మూడో బాకాకి పై స్వరాలుండవు.
ముందు వరస కుర్రాళ్లు మెడనరాలు ఉబ్బించి
ఆకాశం మీదికి విసురుతున్నారు.
దెయ్యాల ముసుగుల వెనక, కొమ్ముల వెనక,
పొద్దుటినుంచీ నావి నాలుగే స్వరాలు.
సాయంత్రానికి కాళ్లు బొబ్బలెక్కాయి, పెదాలు కాదు.

పట్టాలు దాటే చోట
కుర్చీ వేసుకుని కూర్చున్నాడు కసియానో,
మోకాళ్ల మీద దుప్పటి.
నా బాకా వంక చూడలేదు, నా మూతి చూశాడు.
ముద్ర లేదు.
తన పెదాలు ఒక్కసారి పక్కలకి సాగదీశాడు
ఈ అన్నట్టు.
నవ్వో, పాఠమో.
లెక్క తప్పకుండా
నా నాలుగు స్వరాలూ ఊదుకుంటూ
ఆయన ముందునుంచి వెళ్లిపోయాను.