తాడు పట్టుకున్నోడు

మిర్ఫా అన్నరు ఊరి పేరు.
మర్ఫా అనుకున్న నేను,
మా దిక్కు బరాత్‌ల కొట్టే డప్పు.
ఊర్ల మాత్రం చప్పుడే లేదు.
ఒడ్డున ఎండేసిన వలలు, తలుపు ఊడిన పడవల షెడ్డు,
మూడు పిల్లులు, ఒక మలయాళీ చాయ్ కొట్టు.
రాత్రి ఆడనే పండి, చీకటితోని బండెక్కినం
నేనూ, భూమేశూ, వెనుక తాళ్లతోని కట్టిన కంప్రెసరూ.
దల్మా దీవిల చేపల కొట్టు ఫ్రీజర్ ఆగిపోయిందట.

భూమేశ్ నాకు సొంత బామ్మర్ది.
నాకు వీసా తీసింది వాడే.
దాంట్ల నలభై వేలు మిగుల్చుకున్నవని
నలుగుట్ల అన్నది నేనే.
ఆనాటి సంది పది వారాలు,
పానా కావాలన్నా మూడో మనిషితోని అడిగిచ్చుకుంటున్నం.
పికప్‌ల మూడో మనిషి లేడు.
రేడియో పెట్టుకొని పోయినం, రానోళ్ల భాషల.

జబల్ ధన్నా రేవుల ఫెర్రీ నోరు తెరుసుకొని ఉంది.
లారీలు, గడ్డి మోపులు, రెండు మేకలు,
బుర్ఖాల పెద్దమ్మలు, సెలవు నుంచి మర్లివస్తున్న ఒక పంతులు,
అందరిని మింగి మూతి మూసింది.
మాది చెరువు కింది ఊరు.
మత్తడి దునికితే యాట తెగుతది మాకు.
గిన్ని నీళ్లు ఎవనికోసం, గుక్కెడు తాగరావు అనుకున్న.
ఒడ్డు కాసేపు చీర అంచు లెక్క,
ఇంక కాసేపు పలక మీద తుడిచిన గీత లెక్క,
తర్వాత లేనే లేదు.
నీళ్ల రంగా? సున్నంల నీలిమందు ఎక్కువైతే
గోడ ఎట్లుంటదో, అట్ల.

అరగంటకు కడుపు తిప్పింది.
కమ్మి మీద బోర్ల వంగి
రాత్రి పరోటా, పొద్దటి చాయ్, ఇంక ఏందో పాతది,
అంతా సముద్రానికే అప్పజెప్తున్న.
అప్పుడు తెలిసింది:
నడుముకాడ బెల్టును ఎవడో
వెనుకనుంచి పిడికిట్ల గుంజి పట్టుకున్నడు.
మర్రి సూడలె.
గ్రీజు వాసనకు పేరు అడుగుతరా ఎవరన్న.

ఫ్రీజర్ పదకొండింటికే పానం పోసుకుంది.
హమూర్ చేపలు కండ్లు తెరుసుకొనే సల్లబడ్డయి.
మర్ల ఫెర్రీ సాయంత్రానికి.
ముత్యాల షావుకారి పాతింట్ల ఏందో సూపిస్తరంటే పోయినం.
కావలి ముసలాయన పేరు జుమా, వచ్చీరాని ఉర్దూ.
మూడో మనిషి దొరికిండు మాకు.

అద్దాల డబ్బల కొమ్ముతోని చేసిన ముక్కు చిమటా,
అల్లిన బుట్ట, తొర్ర పెట్టిన రాయి.
రాయి మాత్రం బయటనే ఉంది. లేపి సూడుమన్నడు.
"తండ్రి అప్పు కింద కొడుకు మునిగేది," అన్నడు,
"మునిగి కట్టేది, కట్టి మునిగేది."
ఏజెంటు ముందట నేను సంతకం పెట్టిన కాయితం
తూకమేస్తే గింతనే ఉంటది.

"కాలికి రాయి ఎవడన్న కడతడు బేటా,
నడుము తాడు మాత్రం బామ్మర్ది చేతికే."
ఎందుకో అడుగుమన్నట్టు నేను జుమా దిక్కు సూసిన.
భూమేశే అడిగిండు.
ముసలాయన ఉన్న రెండు పండ్లతోని నవ్విండు:
"బావ మునిగితే, ఇంట్ల ఏడ్చేది
వాని అక్కనే గద."
భూమేశ్ పోయి ముక్కు చిమటాను
శానసేపు సూసిండు, కొనెటోని లెక్క.

మర్లొచ్చేటప్పుడు సముద్రం పండుకుంది.
నడిమిట్ల ఫోన్లకు ఊపిరి లేదు.
ఒడ్డు గీత మళ్ల రాసుకుంటుంటే
జేబుల రెండుసార్లు గుంజినట్టైంది.
శోభ. రెండు మిస్డ్ కాల్స్.
కమ్మి కాడ నిలబడ్డోని చేతిల ఫోను పెట్టి
"మీ అక్క," అన్న.
"ఆఁ బావా," అన్నడు.

నలభై వేల ముచ్చట ఇంకా తెగలె.
బెల్టు మీది గ్రీజు మరక
నేను కడగలె.