ఖాళీ గడి

ఫిషింగ్ హార్బర్ ఫైలు, మూడేళ్ల వేట,
పదకొండు వేల వరుసలు.
రుషికొండ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని
చేపల్ని కడుగుతున్నాను.

కోనాం, కోనెం, వంజరం,
మూడు పేర్లూ ఒకే చేప, కలిపేశాను.
బరువు గడిలో కొన్నిచోట్ల కిలోలు,
కొన్నిచోట్ల ‘రెండు గంపలు’.
గంపంటే ఎంతని జెట్టీకి ఫోన్ చేస్తే
తాతారావు నవ్వాడు:
“ఎవుల గంప బావూ?”

ఏప్రిల్ నడుమ నుంచి రెణ్ణెల్లు ఏమీ లేదు.
అది వేట నిషేధం. సున్నా పెట్టొచ్చు,
అబద్ధం కాదు.

నవంబరులో తొమ్మిది రోజులు.
సగటు నింపితే గీత నున్నగా కలిసిపోతుంది,
ఒక్క లైను కోడు. వేలు మీట మీదే ఉంది.
మళ్లీ ఫోన్ చేశాను.

“గరికిన ధనరాజు బోటు కోసం
అందరం తిరిగినాం ఆ రోజుల్ల.
తూకం ఎవుడేస్తాడు?”

దొరికిందా అని అడిగేలోపు
ఐసు మిషను మోత,
ఫోను కట్టయింది.

తొమ్మిది గడులూ అలాగే వదిలేశాను.
పక్కన ఇంకో నిలువు వరుస తెరిచి
‘ఎందుకు లేదు’ అని పేరు పెట్టాను.

గ్రాఫులో గీత అక్కడ తెగింది.
సోమవారం మేనేజరు అడుగుతాడు.
అడగనీ.